యాడ్-ఆన్ విమానం మీది అక్షరాలను చెదరకుండా సరిచేయడం ఎలా?

రేణిగుంటలో దిగే ఏటీఆర్ విమానాలను మేడ మీద నుంచి ఏళ్ళ తరబడి చూసిన కంటికి, కంప్యూటరులో విమానం నడిపించే సిమ్యులేటర్‌లో విడిగా చేర్చుకున్న (యాడ్-ఆన్) అదే విమానం వెనుక భాగాన రిజిస్ట్రేషన్ అక్షరాలు నీళ్ళు తగిలిన సిరాలా అలుక్కుపోయి కనిపిస్తే సహించడం కష్టం. తిరుపతిలో ఈ వ్యాపకం ఉన్న కుర్రవాళ్ళు కొందరు తాము దిద్దిన విమానాలను తెచ్చి నాకు చూపిస్తుంటారు. రంగులు చక్కగా ఉంటాయి, గీతలు తిన్నగా ఉంటాయి, కానీ అక్షరాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ ఒకే తప్పు చేసి ఉంటారు. ఇక్కడ చెప్పే పద్ధతి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి సంబంధించినది. ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ వాడేవారికి పనికివచ్చే తేడాలను చివరలో చెబుతాను.

సామగ్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బొమ్మ దిద్దడానికి గింప్, దానిని సిమ్యులేటర్ చదివే డీడీఎస్ అనే ఫైలు రూపంలోకి మార్చడానికి టెక్స్‌కాన్వ్, జేసన్ అనే సమాచార ఫైళ్ళు తెరవడానికి నోట్‌ప్యాడ్ ఉంటే చాలు. మూడింటికీ పైసా ఖర్చు లేదు. ఫోటోషాప్‌తో కూడా చేయవచ్చునని కొందరు వాదిస్తారు కానీ, పీఎన్‌జీగా భద్రపరిచేటప్పుడు పారదర్శకంగా ఉన్న చోటి రంగును అది పారేస్తుంది కనుక ఈ పనికి నేను దానిని ఒప్పుకోను. సిమ్యులేటర్ సొంత అంగడిలో కొన్న విమానాలలో చాలావాటి ఫైళ్ళకు తాళం వేసి ఉంటుంది. అలాంటి విమానం జోలికి పోకుండా, ఫైళ్ళు తెరుచుకునే విమానాన్నే ఎంచుకోవాలి.

మొదటి పని ఫోల్డరు కట్టుకోవడం. మూల విమానం ఫోల్డరులో ఎట్టి పరిస్థితిలోనూ చేయి పెట్టకూడదు. అదనంగా చేర్చినవాటిని సిమ్యులేటర్ వెతికే కమ్యూనిటీ ఫోల్డరులో మీ పేరుతో వేరే ప్యాకేజీ పెట్టి, అందులోని ఎయిర్‌క్రాఫ్ట్.సీఎఫ్‌జీ ఫైలులో బేస్ కంటైనర్ అనే వరుసలో మూల విమానం ఫోల్డరు పేరు రాస్తే, మీరు మార్చిన ఫైళ్ళు మాత్రం మీ ఫోల్డరు నుంచి, మిగిలినవన్నీ అసలు విమానం నుంచి వస్తాయి. మార్చని టెక్స్చర్లు, అంటే విమానం ఒంటి మీద పరిచే బొమ్మలు, ఎక్కడ వెతకాలో టెక్స్చర్.సీఎఫ్‌జీలోని ఫాల్‌బ్యాక్ వరుసలు చెబుతాయి. ప్రతి డీడీఎస్ ఫైలుకూ తోడుగా అదే పేరుతో ఒక చిన్న జేసన్ ఫైలు ఉంటుంది. దానిని కూడా వెంట తెచ్చుకోవాలి.

రెండవది కొలత. విమానాల గుర్తింపు అక్షరాలు ఎలా ఉండాలో అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందపు 7వ అనుబంధం నిర్దేశిస్తుంది. విమానం ఒంటి మీద అక్షరం ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు, రెక్క మీద కనీసం 50 సెంటీమీటర్లు ఉండాలి. ఐ అక్షరం, 1 అంకె తప్ప మిగిలినవాటి వెడల్పు ఎత్తులో మూడింట రెండు వంతులు, గీత మందం ఆరో వంతు ఉండాలి. అక్షరాల మధ్య ఖాళీ అక్షరం వెడల్పులో నాలుగో వంతుకు తగ్గకూడదు. మన దేశపు విమానానికి ముందు వచ్చే వీటీ అక్షరాల తరువాతి చిన్న అడ్డగీత పొడవు కూడా ఎత్తులో మూడింట రెండు వంతులే. కంప్యూటరులో దొరికిన ఏదో ఫాంటు తెచ్చి అతికించేవారు ఈ అడ్డగీత దగ్గరే దొరికిపోతారు. నేను అక్షరాలను ఎప్పుడూ గీతలుగా గీస్తానే తప్ప టైపు చేయను, మీరూ అలాగే చేయాలి.

ఇప్పుడు ఈ కొలతను పిక్సెళ్ళలోకి మార్చాలి. ఏటీఆర్ 72-600 పొడవు 27.17 మీటర్లు. విమానం మొత్తం పొడవు 4096 పిక్సెళ్ళ టెక్స్చరులో ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుని ఉందనుకుంటే, ఒక పిక్సెల్ సుమారు 6.6 మిల్లీమీటర్లకు సమానమవుతుంది. అంటే 30 సెంటీమీటర్ల అక్షరానికి దక్కేది 45 పిక్సెళ్ళు, దాని గీతకు దక్కేది ఏడున్నర. తలుపు పక్కన ఉండే 2 సెంటీమీటర్ల హెచ్చరిక అక్షరానికి మూడు పిక్సెళ్ళే మిగులుతాయి, ఆ మూడింటిలో ఏ అక్షరమూ పట్టదు. షార్ప్‌నెస్ పెంచితే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఈ లెక్క ఎన్నడూ వేసి ఉండరు. లేని పిక్సెళ్ళను ఏ ఫిల్టరూ తెచ్చి పెట్టలేదు. అటువంటి చిన్న రాతలను ప్రధాన టెక్స్చరులో కాక, చాలా విమానాలలో డెకాల్ (పైన అతికించే బొమ్మ) పేరుతో విడిగా ఉండే టెక్స్చరులోనే దిద్దాలి. కుడి ఎడమ పక్కలు రెండూ ఒకే బొమ్మను పంచుకునే విమానమైతే ప్రధాన టెక్స్చరులో రాసిన అక్షరం ఒక పక్కన అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది కనుక, అక్కడ కూడా డెకాల్ తప్ప వేరే దారి లేదు.

అసలు కష్టం అక్షరం అంచు దగ్గర మొదలవుతుంది, కనుక ఇక్కడి నుంచి నిదానంగా చదవాలి. డెకాల్ టెక్స్చరులో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు ఆల్ఫా అనే నాలుగో విలువ ఉంటుంది. ఆ పిక్సెల్ ఎంత కనిపించాలో ఆల్ఫా నిర్ణయిస్తుంది. ఆల్ఫా సున్నాగా ఉన్న పిక్సెల్ కంటికి కనబడదు, కానీ దానికీ ఒక రంగు ఉంటుంది. అందరూ మరిచిపోయేది ఈ సంగతినే. అక్షరం చుట్టూ ఖాళీగా కనిపించే చోట మీ ప్రోగ్రాము తెలుపునో నలుపునో దాచి ఉంచితే, సిమ్యులేటర్ పక్కపక్క పిక్సెళ్ళను కలిపి సగటు తీసినప్పుడు ఆ దాగిన రంగు అక్షరం అంచులోకి పాకుతుంది. నేను మొదటిసారి దిద్దిన విమానంలో ముదురు నీలి అక్షరాల చుట్టూ ముగ్గుపిండి చల్లినట్టు తెల్లని అంచు వచ్చింది. అది అక్షరాల లోపమేననుకుని నాలుగు రాత్రులు అక్షరాలనే మళ్ళీ మళ్ళీ గీశాను. తప్పు అక్షరంలో లేదు, దాని చుట్టూ ఉన్న ఖాళీలో ఉంది.

దీనికి మందు ఒకటే. పొర మొత్తాన్ని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, అక్షరం రంగుతోనే నింపాలి. అక్షరం ఆకారాన్ని రంగుతో గీయకుండా ఆ పొరకు తగిలించిన మాస్కులో, అంటే పొరలో ఏ చోటు కనిపించాలో నిర్ణయించే ముసుగులో, మాత్రమే గీయాలి. ఆ తరువాత మాస్కును పొరలో కలిపివేసి, పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు పారదర్శక పిక్సెళ్ళ రంగు విలువలను భద్రపరచమనే గడిలో టిక్కు పెట్టాలి. ఆ ఒక్క టిక్కు మరిచిపోతే అంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది. ఒకే డెకాల్‌లో ఎర్ర అక్షరాలూ నల్ల అక్షరాలూ ఉంటే, ఒక్కొక్కదాని చుట్టూ దాని సొంత రంగునే కనీసం పదహారు పిక్సెళ్ళ మేరకు పరచాలి. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన తరువాతే కలం పెడతారు, లేకపోతే రంగు గీత దాటి పాకుతుంది. కంటికి కనిపించని ఆ తయారీ ఇక్కడ కూడా అంతే అవసరం.

పదహారు పిక్సెళ్ళు ఎందుకంటే, దూరం నుంచి చూసినప్పుడు సిమ్యులేటర్ పెద్ద బొమ్మను వాడదు. సగానికి సగం కుదించుకుంటూ పోయిన మిప్‌మ్యాప్‌లను వాడుతుంది. 4096 పిక్సెళ్ళ బొమ్మకు ఒక పిక్సెల్ వరకు దిగివచ్చే 13 మెట్లు ఉంటాయి. మూడు మెట్లు దిగేసరికి 45 పిక్సెళ్ళ అక్షరం ఆరు పిక్సెళ్ళకు, మీరు పరిచిన పదహారు రెండుకు తగ్గుతాయి. దగ్గరి నుంచి చూసినప్పుడు బాగున్న అక్షరం రన్‌వే అవతలి నుంచి చూస్తే తెల్లబారుతోందంటే, చుట్టూ పరిచిన రంగు చాలలేదని అర్థం. టెక్స్‌కాన్వ్‌లో రంగును, ఆల్ఫాను విడివిడిగా కుదించమని చెప్పే ఆప్షన్ ఉంది, దానిని తప్పక పెట్టాలి. మిప్‌మ్యాప్‌లు లేకుండా భద్రపరిస్తే అక్షరం పదునుగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, విమానం కదలగానే ఆ అక్షరాలు మిణుగురుల్లా మెరుస్తాయి.

ఇక ఫైలు సైజు తగ్గించే కుదింపు రూపం. డీఎక్స్‌టీ1 అనే పద్ధతి బొమ్మను నాలుగుకు నాలుగు పిక్సెళ్ళ గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి రెండు రంగులను, వాటి మధ్య నుంచి తీసిన మరో రెండింటిని మాత్రమే ఇస్తుంది. తెల్లని ఒళ్ళు, ఎర్ర అక్షరం, నీలి చార ఒకే గడిలో పడితే మూడింటిలో ఒకటి బురద రంగుకు తిరగక తప్పదు. బీసీ7 అనే మరో పద్ధతి అవసరమైతే అదే గడిని మూడు భాగాల వరకు విడగొట్టి వేర్వేరు రంగులు ఇవ్వగలదు కనుక అక్షరాలకు బీసీ7 తప్ప మరేదీ వాడకూడదు. అప్పుడు కూడా అక్షరానికీ పక్కనున్న చారకూ మధ్య నాలుగు పిక్సెళ్ళ ఎడం ఉంచడం మంచిది.

ఫైలు సైజును చూస్తే తప్పు పట్టుకోవచ్చు. 4096 చదరపు బీసీ7 ఫైలు మిప్‌మ్యాప్‌లతో సహా 21 మెగాబైట్లు దాటుతుంది. సరిగ్గా 16 దగ్గర ఆగితే మిప్‌మ్యాప్‌లు లేనట్టు, 10.7 దగ్గర ఉంటే పొరపాటున డీఎక్స్‌టీ1 ఎంచుకున్నట్టు.

అక్షరాలు మార్చిన తరువాత కూడా ఎండ పడినప్పుడు పాత రిజిస్ట్రేషన్ నీడలా మెరిసిందంటే, దాని ఆకారం ఒంటి మెరుపును నిర్ణయించే కాంప్ అనే టెక్స్చరులో మిగిలిపోయిందని గుర్తించాలి. అందులో ఎరుపు ఛానెల్ మరుగు నీడను, ఆకుపచ్చ గరుకుదనాన్ని, నీలం లోహపు గుణాన్ని తెలుపుతాయి. ఆకుపచ్చ ఛానెల్‌లో పాత అక్షరాలున్న చోట చుట్టుపక్కల విలువను నింపితే అది మాయమవుతుంది. ఈ ఫైలును ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల రూపానికి మార్చకూడదు, మారిస్తే ఆ విలువలన్నీ తప్పుతాయి.

చివరగా లేఅవుట్.జేసన్. ప్యాకేజీలోని ప్రతి టెక్స్చరు పేరూ సైజూ అందులో ఉండాలి, పేరు లేని ఫైలును సిమ్యులేటర్ పట్టించుకోదు. దానిని చేత్తో రాయకుండా, ఆ పని కోసమే ఉన్న లేఅవుట్ జనరేటర్ మీదికి ఫైలును లాగి వదిలితే చాలు.

ఎక్స్-ప్లేన్‌లో ఈ జాబితా గొడవ లేదు. విమానం ఫోల్డరులోని లివరీస్ అనే ఫోల్డరులో మీ పేరుతో ఫోల్డరు పెట్టి, అందులో ఆబ్జెక్ట్స్ కింద అదే పేరున్న ఫైలు ఉంచితే సరిపోతుంది. అక్కడ అదే పేరుతో పాత డీడీఎస్ మిగిలి ఉంటే మీ పీఎన్‌జీ తెర మీదికి రాదు కనుక పాతదానిని తీసివేయాలి. అంచు గురించి పైన చెప్పినదంతా అక్కడా వర్తిస్తుంది.

పరీక్షించడానికి నేను విమానాన్ని ఎప్పుడూ రేణిగుంటలోనే (విమానాశ్రయపు సంకేతం వీఓటీపీ), ఉదయం ఏడు గంటల ఎండలో నిలబెడతాను. ఏటవాలు ఎండలో అంచు లోపం దాగదు. ముందు అక్షరానికి ముక్కు ఆనించినంత దగ్గరగా, తరువాత రెక్క కొస నుంచి, ఆ తరువాత శేషాచలం కొండలు వెనుక కనిపించేంత దూరం నుంచి చూడాలి. మూడు దూరాలలో ఎక్కడ తెల్లబారినా మాస్కు ఉన్న పొర దగ్గరికే తిరిగి వెళ్ళాలి, అక్షరాన్ని ముట్టుకోకూడదు. ఎంత చేసినా నచ్చకపోతే, మీ ఫోల్డరును కమ్యూనిటీ నుంచి తీసివేసి సిమ్యులేటర్‌ను మళ్ళీ తెరిస్తే విమానం కొన్ననాటి రూపంలో నిలబడి ఉంటుంది.