అటక మీది బొమ్మ రైలును మళ్ళీ నడిపించే విధానం

అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న కరెంటు బొమ్మ రైలును దించి, పట్టాలు కలిపి, స్విచ్ వేసినప్పుడు అది కదలకపోతే మోటారు కాలిపోయిందని చాలామంది అనుకుంటారు. తరచుగా మోటారుకు ఏమీ అయి ఉండదు. పట్టాల నుండి చక్రాలకు, అక్కడి నుండి మోటారుకు కరెంటు చేరే దారిలో ఎక్కడో మురికి అడ్డుపడి ఉంటుంది.

ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను పరిశీలించాలి. అమెరికా నుండి బంధువులు తెచ్చిన సెట్టయితే అది 120 వోల్టులకు తయారైనది కావచ్చు. దానిని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు. వైరు తొడుగు పెళుసెక్కి పగిలి ఉన్నా వాడకూడదు. రెండు పట్టాల హెచ్‌ఓ రైళ్లు (అసలు రైలులో 87వ వంతు ఉండే బొమ్మ రైళ్లు) సాధారణంగా 12 వోల్టుల డీసీతో, అంటే బ్యాటరీ ఇచ్చేలాంటి ఒకే దిశ కరెంటుతో నడుస్తాయి కనుక, ఇంజిను పరీక్షకు 9 వోల్టుల బ్యాటరీ చాలు.

హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. రేణిగుంట స్టేషనులో మనం చూసే 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిలో ఇది నూరో వంతులా కనిపించినా, అసలు లెక్క విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగించగా వచ్చినది.

పట్టాల పైభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పాత పంచె ముక్కతో, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. ఆల్కహాల్ త్వరగా మంట అంటుకునే ద్రవం కనుక పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఇత్తడి పట్టాలను చూడగానే చింతపండు గుర్తుకు రావడం సహజమే గానీ, ఆ పులుపు సందుల్లో మిగిలితే చిలుము మళ్ళీ పడుతుంది. నేను ఒకసారి గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దాను; రాలిన సన్నని ఇనుప పోగులను మోటారులోని అయస్కాంతం లాగేసుకుంది, వాటిని పట్టకారుతో ఏరడానికి ఒక ఆదివారమంతా పట్టింది.

చక్రాలను దూదిపుల్లతో తుడిచిన తరువాత ఇంజిను పైకప్పు విప్పాలి. విప్పే ముందు ప్రతి దశలోనూ ఫోనుతో ఫొటో తీసుకోవడం మంచిది. పళ్లచక్రాల మధ్య పాత నూనె బంకలా గట్టిపడి ఉంటుంది. మోటారు ఇరుసు మీద, లోపలి తీగచుట్టలకు కరెంటు అందించే రాగి ముక్కల కమ్యుటేటర్ కనిపిస్తుంది. ఆ ముక్కల మధ్య సందుల్లో నల్లటి కార్బన్ పొడి పేరుకుంటే కరెంటు ఒక ముక్క నుండి పక్క ముక్కకు పోయి మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఆ పొడిని సన్నగా చెక్కిన కొబ్బరి ఈనెతో మెల్లగా తీయాలి. కమ్యుటేటర్‌ను ఆనుకుని దానికి కరెంటు ఇచ్చే కార్బన్ ముక్కల (బ్రష్షుల) వెనుక ఉండే స్ప్రింగులు చెంగున ఎగిరిపోతాయి కనుక, ఈ పని అంచులున్న పళ్ళెంలో చేయాలి. తరువాత కుట్టుమిషన్ నూనెను సూది మొనతో ఇరుసు చివరలకు ఒక్కొక్క చుక్క మాత్రమే అందించాలి. కమ్యుటేటర్‌కు అది తగలకూడదు. కొబ్బరి నూనె అసలే వద్దు, కొన్నాళ్లకు అదీ బంక కడుతుంది.

రైలు పెట్టెలను తుడవడానికి సబ్బునీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలు. ఆల్కహాల్ తగిలితే అక్షరాలు, రంగు లేచిపోవచ్చు.

ఇంజినును మళ్ళీ బిగించాక, మొదట రైలును రెండు దిక్కులా నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పి, పట్టాలను మళ్ళీ తుడవాలి, ఎందుకంటే చక్రాల మీద మిగిలిన నలుపు అప్పుడే దిగుతుంది. దాచేటప్పుడు అటక వద్దు. తిరుపతి మే నెల ఎండకు స్లాబు కింద ప్లాస్టిక్ వంకరపోతుంది. అక్టోబరు వానలకు ముందే సిలికా జెల్ పొట్లాలు వేసి, బీరువాలో కింది అరలో పెట్టుకోవాలి.