ఊరెళ్లేవాళ్ల కుక్క మీ ఇంటికొస్తుంటే

సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు దగ్గరపడుతుంటే అపార్ట్‌మెంట్లలో ఈ అడగడం మొదలవుతుంది: "వారం రోజులు మా కుక్కని మీ ఇంట్లో ఉంచుకుంటారా అండీ?" మొహమాటానికి సరేనన్నా, ఇష్టపడి సరేనన్నా, ఒక సంగతి ముందే అనుకోండి. దాని అలవాట్లు మార్చడం మీ పని కాదు. సోఫా ఎక్కే కుక్కకు వారంలో క్రమశిక్షణ నేర్పలేరు, నేర్పబోతే అది బెదురుతుంది. ఏ వేళకు ఏం తినేదో అదే వేళకు అదే పెట్టి, ఎలా వచ్చిందో అలాగే తిరిగి అప్పగిస్తే చాలు.

ఒప్పుకునే ముందు

కుక్కను తీసుకుని వాళ్లను ఒకసారి అరగంట రమ్మనండి. వీలైతే ప్రయాణానికి వారం ముందు ఒక రాత్రి ఉంచి చూడండి. ఆ ఒక్క రాత్రిలో తెలిసేది గంట మాటల్లో తెలియదు.

"కరుస్తుందా?" అని అడిగితే "అయ్యో, ఎవరినీ ఏమీ అనదండీ" అంటారు. అది జవాబు కాదు. విడివిడిగా అడగండి: తింటుండగా గిన్నె దగ్గరికి ఎవరైనా వెళ్తే ఏం చేస్తుంది? నోట్లో ఉన్నది లాక్కోబోతే? నిద్రలో తడితే? చిన్నపిల్లలున్న ఇంట్లో ఎప్పుడైనా ఉందా? ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? తలుపు తెరిచి ఉంటే పారిపోతుందా? ఉరుములకు, టపాసులకు ఎలా ఉంటుంది? గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కని, ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే తీసుకోకపోవడమే మేలు. హీట్‌కి (ఎదకు) వచ్చిన ఆడకుక్క అయితే దాదాపు మూడు వారాలు వీధి మగకుక్కలు గేటు వదలవు. అదీ ముందే తెలియాలి.

టీకాల పుస్తకం చేత్తో పట్టుకుని చూడండి. రేబిస్ టీకా గడువు దాటకూడదు. సెవెన్ ఇన్ వన్ లేదా నైన్ ఇన్ వన్ (ఒకే సూదిలో పలు జబ్బులకు వేసే టీకా), నులిపురుగుల మందు, పిడుదుల మందు ఎప్పుడిచ్చారో తేదీలు ఉండాలి. మన ఊళ్లలో పిడుదుల (గోమార్ల) వల్ల వచ్చే టిక్ ఫీవర్ మామూలే. పిడుదుల మందు ఇవ్వని కుక్క వస్తే అది వెళ్లిపోయాక కూడా మీ గోడల పగుళ్లలో పిడుదులు మిగిలిపోతాయి. ప్రయాణానికి ముందురోజు హడావిడిగా వేయించిన టీకా అప్పటికప్పుడు రక్షణ ఇవ్వదు, దానికి వారాలు పడుతుంది.

ఒక వాట్సాప్ మెసేజ్ తప్పకుండా రాయించుకోండి: వాళ్లు చూపించే వెట్ (పశువైద్యుడి) పేరు, నంబరు, ఫోన్ ఎత్తకపోతే నిర్ణయం తీసుకోగల మరో మనిషి నంబరు, అత్యవసరమైతే ఎన్ని వేల రూపాయల దాకా వైద్యం చేయించవచ్చో ఆ అంకె. డబ్బు మాట ఎత్తడానికి ఇబ్బందిగానే ఉంటుంది. రాత్రి పదకొండింటికి క్లినిక్‌లో నిలబడి ఎత్తడం ఇంకా ఇబ్బంది. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఎక్కడుందో మీరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

దానితోపాటు రావలసినవి

ఉండే రోజులకు సరిపడా దాని తిండి, మరో రెండు రోజులకు అదనంగా. "రెండు గ్లాసులు వేయండి" అంటే వాళ్ల గ్లాసు వేరు, మీ గ్లాసు వేరు. పూటకొక జిప్ కవర్‌లో కొలిచి ఇమ్మనండి. అప్పుడు అమ్మమ్మ ఒకసారి, పిల్లాడు ఒకసారి పెట్టేసే సమస్య కూడా ఉండదు, కవర్ ఖాళీ అయితే పూట అయిపోయినట్టే. దాని పరుపు ఉతక్కుండానే పంపమనండి. యజమాని వేసుకుని విప్పిన టీషర్టు ఒకటి కూడా. గొలుసు, హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ), మందులు, గిన్నెలు సరే. మెడపట్టీ బిళ్ల మీద ఊరెళ్లినవాళ్ల నంబరు ఉంటుంది కదా, దాని పక్కన మీ నంబరు చీటీ రాసి పారదర్శక టేపు చుట్టండి.

ఇల్లు సర్దడం

నేల మీద కూర్చుని, కుక్క ఎత్తులో గదులన్నీ ఒకసారి చూడండి. చెత్తబుట్ట, చెప్పుల స్టాండు, ఛార్జర్ వైర్లు సరే. మన ఇళ్లలో అసలు ప్రమాదాలు వేరే ఉంటాయి: బొద్దింకల చాక్‌పీసు గీతలు, ఎలుకల మందు బిళ్లలు, బీరువాలోని కలరా ఉండలు, పూజగదిలో కర్పూరం, తాతయ్య మంచం పక్కన మాత్రల షీట్లు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు విషమే. ఒంట్లో బాగోలేదని మన మాత్ర సగం విరిచి వేసేవాళ్లు ఉన్నారు, ఆ పని చేయకండి. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాకితే నోరు, కడుపు మండుతాయి. ఆ వారం సబ్బునీళ్లతో తుడిపించండి.

బాల్కనీ ఊచల మధ్య దాని తల పడుతుందంటే ఒళ్లూ పడుతుందనే లెక్క. నెట్ కట్టండి, లేదా తలుపు మూసే ఉంచండి.

పెద్ద గండం వీధి తలుపు. కొత్త ఇంట్లో కుక్క పారిపోయేది ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే, అదీ పాలవాడికో కొరియర్‌కో తలుపు తీసిన క్షణంలో. ఇంట్లో పనిచేసే ఆమెతో సహా అందరికీ ఒకటే నియమం: బెల్లు మోగితే ముందు కుక్కని గదిలో పెట్టి గడియ వేయాలి, తర్వాతే వీధి తలుపు. ఒకవేళ తప్పించుకుంటే వెంట పరిగెత్తకండి, ఆట అనుకునో భయపడో ఇంకా దూరం పోతుంది. కూర్చుని, పక్కకు తిరిగి, తిండి కవర్ చప్పుడు చేయండి.

మొదటి రోజు

రాగానే లోపలికి తేకుండా యజమానితో కలిసి కింద ఒక ఇరవై నిమిషాలు నడిపించండి, అక్కడే పాటీ అయిపోతుంది. తర్వాత గొలుసుతోనే గది గదీ తిప్పి వాసన చూడనివ్వండి. నీళ్ల గిన్నె, పరుపు ఎక్కడున్నాయో చూపించండి. వీడ్కోలు ఏడుపుల్లేకుండా యజమాని మామూలుగా వెళ్లిపోవాలి.

ఆ తర్వాత దాని జోలికి వెళ్లకండి. ఇదే ఇంట్లో అందరికీ కష్టమైన పని. మీదికి వంగి తల నిమరడం, ఎత్తుకోవడం, ఫొటోలు తీయడం, వచ్చిన రోజే స్నానం, ఏవీ వద్దు. సోఫా కింద దూరి రెండు గంటలు ఉంటే ఉండనివ్వండి. తనంతట తాను వచ్చి చెయ్యి వాసన చూస్తే అప్పుడు ఛాతీ, మెడ పక్కన నిమరండి. పెదాలు నాక్కోవడం, ముఖం తిప్పేసుకోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, ఇవన్నీ "కాస్త దూరం" అని చెప్పడమే. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం మాన్పించిన కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

మొదటిరోజు తిండి ముట్టకపోవడం మామూలే. గిన్నె పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు చూసి తీసేయండి, మళ్లీ పూటకు పెట్టండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్లు, అంటే పది కిలోల కుక్కకు అర లీటరు పైమాట, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పెద్ద కుక్క హుషారుగా ఉండి నీళ్లు తాగుతుంటే ఒక రోజు ఆగవచ్చు. రెండో రోజూ తినకపోతే వెట్‌కి ఫోన్ చేయండి. కుక్కపిల్ల అయితే అంతసేపు ఆగకూడదు, పన్నెండు గంటలు దాటనివ్వకండి.

"పాపం తినట్లేదు" అని బిర్యానీ ముక్క పెట్టడంతోనే కథ మొదలవుతుంది. పెట్టినది తింటుంది, రాత్రికి విరేచనాలు, రేపటి నుంచి దాని గిన్నె ముట్టదు. బెంగతోనూ ఒకట్రెండు సార్లు జిగటగా విరేచనం కావచ్చు. అప్పుడు ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ ఒక వంతు, మెత్తటి అన్నం రెండు వంతులు కలిపి కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు పెట్టండి. రక్తం పడినా, వాంతులు తోడైనా ఇంటివైద్యం ఆపేయండి.

రాత్రి ఏడిస్తే దాని పరుపు మీ పడకగది తలుపు దగ్గరికి తెచ్చి టీషర్టు అందులో పెట్టండి. బాల్కనీలో కట్టేస్తే మొత్తం బ్లాకు నిద్రలేస్తుంది.

మన వంటింట్లో దానికి పడనివి

ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా అంతే. అంటే మన కూరల్లో దాదాపు ఏదీ పనికిరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కలకు కొద్దిగా తిన్నా కిడ్నీలు పాడుచేస్తాయి. పండగపూట చక్కెరపొంగలి, పాయసం గిన్నెలు అందనివ్వకండి. చాక్లెట్, అందులోనూ డార్క్ చాక్లెట్. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో తీపికి వాడే జైలిటాల్. ఉడికిన ఎముక చీలికలై పేగుకు గుచ్చుకుంటుంది. మామిడి టెంక పేగులో అడ్డుపడుతుంది, వేసవిలో ఇది మరిచిపోకండి. ఏదైనా తినేసిందని తెలిస్తే ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి, ఆ ఉప్పే విషమవుతుంది. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత, ఈ నాలుగూ చెప్తూ వెట్‌కి ఫోన్ చేయండి. రేపర్ దొరికితే వెంట తీసుకెళ్లండి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

రోజుకు కనీసం మూడుసార్లు, దాని పాత వేళలకే. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మూడు దూరితే తల వెనక్కి లాగి జారిపోతుంది. బెదిరే కుక్కకు హార్నెస్‌కొకటి, మెడపట్టీకొకటి రెండు గొలుసులు కట్టండి. లాగితే సాగే గొలుసు రోడ్డు మీద వద్దు.

లిఫ్ట్ దగ్గర జాగ్రత్త. మీరు లోపల, కుక్క బయట, గొలుసు మధ్యలో ఉండగా తలుపులు మూసుకుంటే ఉరి పడుతుంది. గొలుసు పొట్టిగా పట్టుకుని, కుక్కని కాలికి ఆనించుకుని ఒకేసారి ఎక్కండి, దిగండి. లిఫ్ట్‌లో కుక్క వద్దని ఎవరైనా గొడవపడితే, పెంపుడు జంతువులకు లిఫ్ట్ నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా వారం రోజులకు వాదన ఎందుకు, తర్వాతి లిఫ్ట్‌లో వెళ్లండి.

వేసవిలో ఉదయం ఏడులోపు, చీకటిపడ్డాకే. అరచెయ్యి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. పగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు వడదెబ్బకు తొందరగా పడతాయి. రొప్పు ఆగకపోవడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, తూలడం కనిపిస్తే కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాన్ కింద ఉంచి, తడుపుతూనే క్లినిక్‌కి బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి ఉంచకండి, వేడి లోపలే ఉండిపోతుంది.

వీధికుక్కలు చుట్టుముడితే పరిగెత్తకండి, గొలుసు బిగించి లాగకండి. మీ కుక్కని వెనక్కి పెట్టుకుని, గట్టిగా ఒక్క కేక వేసి, మెల్లగా పక్కకు జరగండి. గొడుగు చేతిలో ఉంటే టక్కున తెరిస్తే చాలాసార్లు ఆగిపోతాయి.

పిల్లలు, మీ సొంత కుక్క

పిల్లలకు నాలుగు మాటలు చాలు: తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు ముట్టుకోవద్దు. కౌగిలించుకోవద్దు. దాని దగ్గరున్నది లాక్కోవద్దు. గొలుసు పట్టుకుని బయటికి వెళ్లొద్దు. ఐదేళ్లలోపు పిల్లాడిని దానితో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, ఎంత సాధువైనా సరే.

మీకూ కుక్క ఉంటే రెండూ ఇంట్లో మొదటిసారి కలవకూడదు. బయట, ఇద్దరు మనుషులు పది అడుగుల ఎడంతో ఒకే దిక్కుగా నడిపించండి, ఎడం మెల్లగా తగ్గించండి. ఇంట్లోకి రాకముందే బొమ్మలు, ఎముకలు తీసేయండి. వారమంతా తిండి వేర్వేరు గదుల్లోనే.

కరిస్తే, చర్మం కొద్దిగా గీరుకున్నా, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరుకు చూపించండి. టీకా వేసిన కుక్కే కదా అని మీరే నిర్ణయించుకోవద్దు. పసుపు, కారం పెట్టడం అసలు వద్దు.

మందులు, ప్రమాద సూచనలు

మాత్ర వేయడానికి మూడు చిన్న ఉండలు చేయండి, ఉడికించిన చికెన్‌తోనో పెరుగన్నంతోనో. మొదటిది వట్టిది, రెండోదాంట్లో మాత్ర, మూడోది రెండోది మింగకముందే ముక్కు ముందు చూపించాలి. మూడోదాని ఆశలో రెండోది నమలకుండా మింగేస్తుంది.

రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో తడిమి పిడుదులు చూడండి. దొరికితే చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టుకుని తిన్నగా లాగండి. కిరోసిన్ పోయకండి.

ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే మామూలే, మనకన్నా వేడిగా తగలడం జ్వరం కాదు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయి, తిండి మానేసి, ముక్కులోంచి రక్తం వస్తే టిక్ ఫీవర్ కావచ్చు, ఆ రోజే చూపించాలి. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద కుక్క కడుపు ఉబ్బి, వాంతి చేసుకోబోయి ఏమీ రాకపోతే పొట్ట మెలిపడిందేమోనని అనుమానించి తెల్లారేదాకా ఆగకండి, గంటల్లో ప్రాణం పోతుంది. అందుకే తిన్నాక గంటసేపు పరుగులాటలు పెట్టకూడదు.

అప్పగించే రోజు, ప్రయాణం ఉంటే మూడు గంటల ముందు తిండి ఆపేయండి. మిగిలిన కవర్లు, మందులు, టీకాల పుస్తకం, పరుపు తిరిగి ఇచ్చేయండి. ఏ రోజు తినలేదు, ఎప్పుడు విరేచనం అయింది, ఎవరి మీద గుర్రుమంది, తీసిన పిడుదులు ఎన్ని, ఇవి దాచకుండా రాసి ఇవ్వండి. టిక్ ఫీవర్ లక్షణాలు వారం, రెండు వారాల తర్వాత బయటపడవచ్చు కాబట్టి పిడుదు ఏ తేదీన దొరికిందో వాళ్ల వెట్ అడుగుతారు.