భూసార పరీక్ష రిపోర్టులో ముందు పీహెచ్ చూడండి

రిపోర్టు చేతికి రాగానే చాలామంది కళ్లు నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెల మీదకే వెళ్తాయి. నేనైతే ముందు పీహెచ్, అంటే మట్టి ఆమ్ల గుణమా, క్షార గుణమా చెప్పే అంకె, చూడమంటాను. అది 6 నుంచి 7 మధ్య ఉంటే ఎక్కువ మొక్కలకు పోషకాలు బాగా అందుతాయి. 7.5 దాటిందా, ఇనుము, జింకు మట్టిలో ఉన్నా వేర్లు తీసుకోలేని రూపంలోకి మారతాయి. భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. 5.5 కంటే తగ్గితే అదే భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. పీహెచ్ సంగతి చూడకుండా ఎరువు కుమ్మరిస్తే చాలావరకు దండగే.

ఏదైనా పోషకం పక్కన "ఎక్కువ" అని రాసి ఉందని సంబరపడొద్దు. భాస్వరం మితిమీరితే జింకు లోపం, పొటాష్ మితిమీరితే మెగ్నీషియం లోపం రావచ్చు. ఎక్కువగా ఉన్నదాన్ని కొన్నాళ్లు ఆపేయండి. ఇది చెప్పినా చాలామంది వినరు, అలవాటుగా నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ కలిపిన ఎరువే వేస్తారు.

రిపోర్టుతో పాటు ఆకుల్ని కూడా చూడండి. ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే నత్రజని తక్కువై ఉండొచ్చు. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపుగా మారితే ఇనుము అందట్లేదేమో అనుకోవాలి. అప్పుడు యూరియా వేసి లాభం లేదు.

అన్నట్టు, మట్టి నమూనా ఒక్క చోట తీస్తే సరిపోదు. ఎనిమిది, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి, బాగా కలిపి, నీడలో ఆరబెట్టి పంపండి. ఎరువు వేసిన వెంటనే మాత్రం తీయకండి.