పాత పెంకుటింటి మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం

ప్యానెళ్ల సంగతి తర్వాత, ముందు కప్పు కింది కర్రను చూడండి. ప్రతి వాసాన్నీ, ముఖ్యంగా గోడ మీద ఆనే చివర, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సులువుగా దిగిందంటే చెద పట్టిందో, పుచ్చిందో. ఫ్రేముతో కలిపి ప్యానెళ్లు చదరపు మీటరుకు దాదాపు 15 కిలోలు తూగుతాయి. కిలోవాట్‌కు సుమారు 5 చదరపు మీటర్ల చోటు కావాలి. రక్షిత కట్టడమైతే అనుమతి ముందే తీసుకోండి, వీధికి కనిపించని వాలు చూసుకోండి.

పని ఎక్కువగా చెడేది ప్యానెళ్ల ఫ్రేమును కప్పుకు పట్టి ఉంచే హుక్కుల దగ్గరే. పెంకును పైకి జరిపి, స్టెయిన్‌లెస్ స్టీల్ హుక్కును వాసానికే బిగించాలి, పెంకులు ఆనే రీపరుకు కాదు. 8 మి.మీ. స్క్రూకు ముందుగా 5 మి.మీ. రంధ్రం వేయకపోతే, ఎండి గట్టిపడిన పాత కర్ర నిలువునా చీలుతుంది. హుక్కు చేయి కింది పెంకును తాకకుండా 5 మి.మీ. సందు ఉంచండి. తాకిందా, గాలి వీచినప్పుడల్లా ఒత్తిడి పడి పెంకు పగులుతుంది. చుక్కచుక్కగా దిగే నీరు వాసాన్ని తినేస్తుంది. ఇన్నేళ్లు వాన ఆపిన కప్పు మన పని వల్ల కారకూడదు. పై పెంకు సరిగ్గా కూర్చోకపోతే దాని అడుగున గ్రైండర్‌తో కొద్దిగా అరగదీయండి.

ఇన్వర్టర్‌ను మట్టిగోడలో స్క్రూ ప్లగ్గులు దిగేసి వేలాడదీయొద్దు, ఊడి వస్తుంది. నేల మీద నిలబడే ఫ్రేముకు బిగించండి. సున్నపు గోడకు పడిన కన్నాన్ని సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు పెడితే తేమ బయటికి పోక చుట్టూ పూత రాలిపోతుంది. గుడ్డ చుట్టిన పాత వైర్లుంటే అవి మార్చి, ఎర్తింగ్ పరీక్షించాకే కనెక్షన్ ఇప్పించండి.