ఇంట్లో డ్రమ్స్ రికార్డింగ్: మైకు మార్చే ముందు పురికొస పట్టుకోండి

వాయిస్తుంటే గది అదిరిపోతుంది. రికార్డ్ చేసి వింటే మాత్రం ఎవరో అట్టపెట్టె మీద చెంచాతో కొడుతున్నట్టు ఉంటుంది. అప్పుడు మొదటి అనుమానం మైకు మీదికే పోతుంది: చవక మైకు కదా, ఇంతకంటే ఏం వస్తుంది అని. నేనూ అలాగే అనుకుని, చేతిలో ఉన్న రెండు మైకులు చాలవని ఏడు మైకుల కిట్ కొన్నాను. మొదటి రోజు రికార్డింగ్ పాతదానికంటే ఘోరంగా వచ్చింది. రెండు మైకులున్నప్పుడు వాటి మధ్య పేచీ ఒక్కటే. ఏడంటే 21 జతలు. ఏది ఎవరితో గొడవ పడుతోందో తేల్చడానికి నాకు వారం పట్టింది.

ఆ వారంలో అలవాటైన పద్ధతి ఇది. అన్ని ట్రాకులూ మ్యూట్ చేసి, ఒక్క ఓవర్‌హెడ్ (డ్రమ్స్‌కి పైన పెట్టే మైకు) మాత్రమే వినండి. తర్వాత రెండో ఓవర్‌హెడ్, ఆపైన కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (అడుగున తీగలున్న డ్రమ్), టామ్‌లు (మిగతా డ్రమ్స్) ఒక్కొక్కటిగా కలపండి. ఏది కలిపినప్పుడు శబ్దం చెడిందో అక్కడ ఆగండి. అసలు మొదటి మైకులోనే బాగా లేకపోతే ముందు డ్రమ్ చూడాలి. అరిగిపోయిన హెడ్‌కీ (కర్ర తగిలే పొర), సరిగ్గా ట్యూన్ చేయని టామ్‌కీ ఏ మైకూ మందు కాదు.

సమస్య: విడివిడిగా అన్నీ బాగున్నాయి, కలిపితే పలచబడిపోతోంది

ఇంట్లో రికార్డ్ చేసేవాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. దీన్ని కనిపెట్టడమూ కష్టమే, ఎందుకంటే ఏ ట్రాక్ సోలో చేసినా (ఒక్కదాన్నే విన్నా) తప్పు కనబడదు.

స్నేర్ ఒక్కటే అయినా దాని శబ్దం ఒక్కో మైకుకు ఒక్కో క్షణంలో చేరుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. ఎడమ ఓవర్‌హెడ్ కంటే కుడిది స్నేర్‌కి 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉందనుకోండి. రెండూ కలిసినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి తోస్తుంటే రెండోది కిందికి లాగుతుంది. ఆ భాగం చాలావరకు కొట్టుకుపోతుంది. 1500 దగ్గరా, 2500 దగ్గరా అదే కథ. స్నేర్ శబ్దంలో చాలా భాగం ఆ చుట్టుపక్కల ఉంటుంది. ఈక్యూలో (ఒక్కో స్థాయిని పెంచి తగ్గించే సాధనం) ఎంత పెంచినా పోయింది తిరిగిరాదు.

దీనికి మందు పురికొస. ఒక చివరను స్నేర్ నడిమధ్యన టేపుతో అంటించండి. రెండో చివరను కిక్ వెనక హెడ్ మీద, పెడల్ బీటర్ (పెడల్ తొక్కితే కొట్టే సుత్తి) తగిలే చోట అంటించండి. మొదటి మైకును స్నేర్‌కి నిటారుగా పైన, రెండు డ్రమ్ కర్రలంత ఎత్తులో, అంటే సుమారు 80 సెంటీమీటర్ల పైన, స్నేర్ వైపు చూసేలా పెట్టండి. పురికొసను మైకు మూతి దాకా లాగి, రెండు పోగులూ బిగిసేలా పట్టుకోండి. వేళ్ళు పట్టుకున్న చోట రంగు టేపు చుట్టండి. ఇప్పుడు ఆ టేపు చుట్టిన చోటే పట్టుకుని డ్రమ్మర్ కుడి భుజం మీదికి తీసుకురండి. రెండు పోగులూ మళ్ళీ బిగిసిన చోట రెండో మైకు మూతి ఉండాలి. ఎడమచేతి వాటం డ్రమ్మర్ అయితే ఎడమ భుజం. ఇప్పుడు రెండు మైకులకూ స్నేర్ ఒకే దూరం, కిక్ ఒకే దూరం. దీన్ని రికార్డర్‌మ్యాన్ పద్ధతి అంటారు. బ్రిటిష్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పేరు మీద నడిచే పద్ధతిలో రెండో మైకు ఫ్లోర్ టామ్ పక్కన, తక్కువ ఎత్తులో, హై-హ్యాట్ (పెడల్‌తో మూసుకునే జత లోహపు పళ్ళేలు) వైపు చూస్తూ ఉంటుంది. అక్కడా స్నేర్ నుంచి రెండు దూరాలూ సమానంగా ఉండాలి. చిన్న గదిలో నాకు మొదటిదే కుదిరింది.

దగ్గరగా పెట్టే మైకులకి పురికొస పనికిరాదు, పోలారిటీ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) పనికొస్తుంది. స్నేర్ కింద కూడా మైకు పెడితే ఆ బటన్ నొక్కి చూడాల్సిందే. కర్ర పడగానే పై హెడ్ పై మైకుకు దూరంగా జరుగుతుంది, కింది హెడ్ కింది మైకు మీదికి వస్తుంది. రెండూ ఎదురెదురు సంకేతాలు. కిక్ మైకునూ ఓవర్‌హెడ్స్‌తో కలిపి వింటూ బటన్ నొక్కుతూ తీస్తూ ఉండండి. ఎటువైపు కడుపులో దెబ్బ ఎక్కువ తగిలితే అటే వదిలేయండి. హెడ్‌ఫోన్స్‌లో స్టీరియోగా వింటే ఈ తేడా మోసం చేస్తుంది, మోనోలో వినండి.

సాఫ్ట్‌వేర్‌లో ట్రాకుల్ని ముందుకీ వెనక్కీ జరిపి అలలు కలపొచ్చు కదా అంటారు. కలపొచ్చు. కానీ స్నేర్‌కి సరిపడేలా జరిపితే ఫ్లోర్ టామ్‌కి చెడుతుంది.

సమస్య: సింబల్స్ (లోహపు పళ్ళేలు) చెవులు చిల్లులు పొడుస్తున్నాయి, డ్రమ్స్ ఎక్కడో వెనకున్నాయి

తక్కువ ధర కండెన్సర్ మైకుల్లో (కరెంటు కావలసిన, సున్నితమైన రకం) చాలావాటికి పై స్థాయిలు (సన్నటి శబ్దాలు) కాస్త ఎగదోసి ఉంటాయి. గొంతుకైతే అది మెరుపులా అనిపిస్తుంది. క్రాష్ సింబల్‌కి అరమీటరు దూరంలో పెడితే ఆ మెరుపే చురుకు. మైకును సింబల్‌కి దూరంగా, భుజం వెనక్కి జరపండి. అప్పటికీ తగ్గకపోతే ఓవర్‌హెడ్‌గా రెండు మామూలు డైనమిక్ మైకులు (కరెంటు అక్కర్లేని రకం) పెట్టి చూడండి. ఇది చాలామంది వినగానే ముఖం చిట్లించే సలహా. షూర్ ఎస్ఎమ్57 లాంటివి 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి సింబల్స్ మెత్తబడతాయి. బరువుగా కొట్టే డ్రమ్మర్‌కి నాకు కండెన్సర్ల కంటే ఇవే నచ్చాయి.

రెండో దోషి పైకప్పు. మైకు పైకప్పుకి 30 సెంటీమీటర్ల కింద ఉంటే, పైకి వెళ్ళి కప్పుకి తగిలి తిరిగొచ్చిన శబ్దం సుమారు 60 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణిస్తుంది. అప్పుడు 300 హెర్ట్జ్‌కి కాస్త దిగువన ఒక గొయ్యి పడుతుంది. టామ్‌లూ స్నేర్ చప్పబడి సింబల్స్ మిగిలిపోవడం ఇందుకే. మైకుల్ని కిందికి దించండి, వాటికి పైన మందపాటి బొంత లేదా రాతిఊలు పలక కట్టండి. పలచటి దుప్పటి, అంగుళం మందం ఫోమ్ పై స్థాయిల్నే పీలుస్తాయి, 300 దగ్గర గొయ్యి పూడ్చవు. గుడ్ల అట్టలు అతికించాలని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

సమస్య: కిక్‌లో టక్ ఉంది, ధుమ్ లేదు

మైకు కిక్ లోపల బీటర్‌కి బాగా దగ్గరగా ఉంటే టక్ ఎక్కువ. వెనక్కి, ముందు హెడ్ రంధ్రం వైపు లాగేకొద్దీ ధుమ్ పెరుగుతుంది. రంధ్రానికి సరిగ్గా ఎదురుగా మాత్రం వద్దు. కొట్టిన ప్రతిసారీ గాలి బుస్సున మైకుని తాకుతుంది. అంచు వైపు రెండు మూడు వేళ్ళ వెడల్పు పక్కకి పెట్టండి. రంధ్రమే లేకపోతే ముందు హెడ్‌కి జానెడు దూరంలో పెట్టి వినండి. ధుమ్ మరీ ఎక్కువై మోతలా సాగుతుంటే లోపల ఒక దిండు పెట్టండి, అది రెండు హెడ్‌లకీ కొద్దిగా ఆనుకుంటే చాలు. డ్రమ్ నిండా బట్టలు కుక్కితే మళ్ళీ అట్టపెట్టె దగ్గరికే వస్తారు.

గొంతుకు వాడే మైకు తప్ప ఇంకేం లేదా? ఫర్వాలేదు. అలాంటి మైకుల్లో కింది స్థాయిలు కావాలనే తగ్గించి ఉంటాయి. కానీ కార్డియాయిడ్ మైకు (ముందువైపే బాగా వినే రకం) శబ్దానికి దగ్గరయ్యేకొద్దీ బేస్ పెరుగుతుంది, ఆ గుణాన్ని ఇక్కడ వాడుకోవచ్చు. హెడ్‌కి నాలుగైదు సెంటీమీటర్లలో పెట్టండి.

కిక్ మైకులో ధుమ్ ఉండి ఓవర్‌హెడ్స్‌లో మాయమైతే అది గది పని. రెండు గోడల మధ్య 3 మీటర్లుంటే వాటి మధ్య సుమారు 57 హెర్ట్జ్ అల నిలబడుతుంది. కిక్ బరువంతా ఉండేది ఆ ప్రాంతంలోనే. ఆ అలకి గది నడిమధ్య పీడనంలో మార్పు సున్నా. అందంగా ఉంటుందని డ్రమ్స్‌ని సరిగ్గా మధ్యలో పెడతాం, బేస్ అక్కడే చచ్చిపోతుంది. సెట్‌నీ మైకుల్నీ ఒక గోడ వైపు రెండడుగులు జరిపి చూడండి.

సమస్య: స్నేర్ ట్రాక్ పెంచితే హై-హ్యాట్ పెరుగుతోంది

గేట్ (శబ్దం ఒక మోతాదు దాటితేనే తెరుచుకునే సాధనం) పెట్టేద్దాం అనిపిస్తుంది. ఉపయోగం తక్కువ, ఎందుకంటే స్నేర్ పడిన క్షణంలోనే హై-హ్యాట్ కూడా మోగుతుంది. గేట్ తెరుచుకోగానే రెండూ లోపలికొస్తాయి. మైకు చెవిటి వైపుని హై-హ్యాట్‌కి తిప్పాలి. కార్డియాయిడ్ మైకుకి చెవిటి వైపు సరిగ్గా వెనక. సూపర్‌కార్డియాయిడ్‌కి అలా కాదు, దానికి వెనక కొద్దిగా వినబడుతుంది. ముందు నుంచి 125 డిగ్రీల దగ్గర, రెండు పక్కలా చెవుడు. డబ్బా మీద ఏ రకమో చూసుకోకుండా మైకు తిప్పితే సమస్య ఇంకా పెరుగుతుంది.

మైకు తల స్నేర్ అంచుకి రెండు వేళ్ళ పైన, లోపలికి అంగుళం దాకా వచ్చి, నడిమధ్యకి చూడాలి. తోక హై-హ్యాట్ కిందికి పోవాలి. హై-హ్యాట్ రెండు పళ్ళేలు మూసుకునే అంచుకి ఎదురుగా మైకు ఉంటే గాలి ఊదినట్టు చప్పుడొస్తుంది, అది కూడా చూసుకోండి. హై-హ్యాట్ స్టాండ్‌ని ఓ జానెడు పైకెత్తడానికి డ్రమ్మర్ ఒప్పుకుంటే సగం పని అయినట్టే. ఒప్పుకోరు, అది వేరే విషయం.

సమస్య: ఎర్ర లైటు వెలగలేదు, అయినా పగిలినట్టు వినిపిస్తోంది

సౌండ్ చెక్‌లో అందరూ మెల్లగా కొడతారు, పాటలో చేతులు తెరుచుకుంటాయి. 24 బిట్ రికార్డింగ్‌లో పెద్ద దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే బిరడా) పెడితే చాలు. గెయిన్ పూర్తిగా తగ్గించినా పగులుతుంటే ఇంటర్‌ఫేస్ (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీద గానీ మైకు మీద గానీ ప్యాడ్ బటన్ (సంకేతాన్ని తగ్గించేది) ఉందేమో చూడండి. ఇంటర్‌ఫేస్ ప్యాడ్ వేసినా పోకపోతే మైకే తట్టుకోలేకపోతోందని అర్థం. కండెన్సర్‌ని స్నేర్ దగ్గర్నుంచి తీసి దూరంగా పెట్టి, ఆ చోట డైనమిక్ పెట్టండి.

సమస్య: ఇంకో మైకు కొనాలనిపిస్తోంది

ఇంటర్‌ఫేస్‌లో ఎన్ని ఇన్‌పుట్లున్నాయో ముందు చూసుకోండి. రెండే ఉంటే ఒకే రకం మైకులు రెండు, పురికొస పద్ధతిలో. నాలుగుంటే వాటికి ఒక కిక్ మైకు, స్నేర్‌కి ఒక డైనమిక్ చేర్చండి. నా లెక్కలో ఇంట్లో డ్రమ్స్‌కి ఇది చాలు, టామ్‌లు ఓవర్‌హెడ్స్‌లోనే చక్కగా వస్తాయి. ఏడు మైకుల కిట్టే కొనాలనుకుంటే అందులో ఓవర్‌హెడ్స్ ఎలా ఉన్నాయో విని కొనండి, మనం వినే శబ్దంలో ఎక్కువ భాగం వాటిదే. కండెన్సర్లకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే వచ్చే కరెంటు) కావాలి, డైనమిక్ వాటికి అక్కర్లేదు. రెండు యూఎస్‌బీ మైకులు కలిపి వాడాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. దేని గడియారం దానిదే. పాట సాగేకొద్దీ ఒకటి వెనకబడుతుంది, పురికొసతో కొలిచిన సెంటీమీటర్లన్నీ వృథా.

సమస్య: ఎక్కడో ఏదో గణగణ

టామ్ కొట్టినప్పుడు స్నేర్ కింది తీగలు గిలగిల్లాడటం సహజం, తీగలు వదులు చేసి చూసినా అలాగే మోగితే తప్పు ఇంకోచోట ఉన్నట్టు. నాకు ఒకసారి ఫ్లోర్ టామ్ కొట్టిన ప్రతిసారీ చిన్న ఝుమ్మనే చప్పుడు వచ్చేది. కేబుల్ మార్చాను, ఇన్‌పుట్ మార్చాను, టామ్ కాళ్ళు బిగించాను. చివరికి ఆ మైకు చేత్తో పట్టుకుని ఒక దెబ్బ వేయిస్తే చప్పుడు లేదు. టామ్ అంచుకి బిగించిన క్లిప్ స్క్రూ కొస డ్రమ్ గోడకి వెంట్రుకవాసిలో తగులుతోంది. రబ్బరు ముక్క ఒకటి మధ్యలో దోపాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.