బెజవాడ ఎండకు హ్యాంగ్ గ్లైడర్: ముందు రెక్క బరువు లెక్క

పవర్డ్ హ్యాంగ్ గ్లైడర్ (రెక్క కింద వేలాడుతూ, ఇంజిన్ సాయంతో ఎగిరేది) కొనాలనుకునే మన బెజవాడ, గుంటూరు కుర్రాళ్లు ముందు ఇంజిన్ ఎన్ని హార్స్ పవరో అడుగుతారు. అసలు అడగాల్సింది రెక్క ఎంత బరువు మోస్తుందని.

ఉదాహరణకు మీరు 75 కిలోలు, ఇంజిన్ బిగించిన హార్నెస్ (రెక్కకు మిమ్మల్ని వేలాడదీసే పట్టీల అమరిక) 28 కిలోలు అనుకుందాం. 5 లీటర్ల పెట్రోల్ మూడున్నర కిలోల పైమాటే. హెల్మెట్, బూట్లు, రిజర్వ్ పారాచూట్‌కి ఇంకో 5 వేసుకోండి. మొత్తం 111 దాటింది! రెక్క తయారీదారు ఇచ్చిన బరువు పరిమితిలో ఇది మధ్యలో పడాలి, పై అంచుకు ఆనకూడదు.

ఎందుకంటే మన ఎండ. ప్రామాణిక లెక్కలన్నీ 15 డిగ్రీల గాలికి కడతారు. మే నెలలో 42 డిగ్రీలుంటే గాలి దాదాపు 9 శాతం పలచబడుతుంది. ఇంజిన్ నెట్టే బలం తగ్గుతుంది, పైకి లేవాలంటే మరింత వేగంగా పరిగెత్తాలి, అదీ అంత బరువు మోస్తూ. ఎలాగూ తెల్లవారుజామునే ఎగరాలనుకోండి, అయినా పెద్ద సైజు రెక్క తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

టూ స్ట్రోక్ ఇంజినైతే ఆయిల్ కలిపిన పెట్రోల్‌ని వారాల తరబడి కార్బురేటర్‌లో ఉంచకండి. పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, లోపలి పల్చటి డయాఫ్రమ్ పాడవుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో హెల్మెట్, పారాచూట్ మాత్రం వద్దు. అన్నట్టు, గన్నవరం విమానాశ్రయం పక్కనే ఉంది. డబ్బు కట్టకముందే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతుల సంగతి కనుక్కోండి.