కిగాలీకి కొత్తగా వచ్చిన మనవాళ్లకు: ఏప్రిల్‌లో ఎలా మెలగాలి

మన దగ్గర చావింటికి పరామర్శకు వెళ్తే మొదట అడిగేది "ఎలా జరిగింది?" అనే. అడక్కపోతే పట్టించుకోలేదనుకుంటారు. రువాండా రాజధాని కిగాలీలో, 1994 మారణహోమంలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల దగ్గర, ఆ మాట నోట రానివ్వకండి. నేను అడిగి ఒకావిడను బాధపెట్టాను, అందుకే ఇది రాస్తున్నాను.

కాలేజీలో లెక్కలు చెప్పడానికి నల్గొండ నుంచి వచ్చాక అదే నా మొదటి ఏప్రిల్. మా అద్దె ఇల్లు కిచుకిరోలో. ఏడో తారీఖు సెలవు, సంతాప దినం అని తెలిసి అరటిపళ్లు పట్టుకుని ఓనరమ్మ ఇంటికి వెళ్లాను. "మీవాళ్లు ఎలా పోయారు? మీరెలా తప్పించుకున్నారు?" అని అడిగాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడిపోయింది. రెండు రోజులు మంచం దిగలేదని తర్వాత కూతురు చెప్పింది.

కాబట్టి ముందు మీరే తెలుసుకోండి. కిగాలీలోనే గిసోజిలో ఉన్న మారణహోమ స్మారకానికి వెళ్లండి. రెండున్నర లక్షల మందికి పైగా అక్కడే సమాధుల్లో ఉన్నారు. సగం రోజు పెట్టుకోండి. పిల్లల గదిలో ఒక్కో ఫోటో కింద ఆ బిడ్డకు ఇష్టమైన తిండి ఏమిటో, ఎలా చంపారో రాసి ఉంటుంది. మీ చిన్నపిల్లల్ని ఆ గదిలోకి తీసుకెళ్లకండి. ఇంకో రోజు న్యామాటా చర్చికి వెళ్లండి. చనిపోయినవాళ్ల బట్టలు బెంచీల మీద కుప్పలుగా ఉంటాయి. లోపల ఫోన్ బయటికి తీయొద్దు.

1994 ఏప్రిల్ 7 నుంచి వంద రోజుల్లో హుతూ తెగలోని తీవ్రవాదులు 8 నుంచి 10 లక్షల మందిని, ఎక్కువగా తుత్సీ తెగవాళ్లను, చంపారు. అది ప్రపంచానికి తెలియకుండా జరగలేదు. రువాండాలోని ఐక్యరాజ్యసమితి దళం అధిపతి రోమియో డలేర్ జనవరి 11నే రహస్య ఆయుధ నిల్వల గురించి న్యూయార్క్‌లోని ప్రధాన కార్యాలయానికి ఫ్యాక్స్ పంపాడు. వాటిని పట్టుకోవద్దని జవాబు వచ్చింది. ఆ దళంలోని పదిమంది బెల్జియం సైనికులు చనిపోగానే ఆ దేశం తనవాళ్లను వెనక్కి పిలిచేసుకుంది. ఏప్రిల్ 21న భద్రతామండలి సుమారు 2,500 మంది సైనికులను 270కి తగ్గించమంది. మారణహోమం అని ఒప్పుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని అమెరికా ఆ మాటే అనకుండా వారాలు గడిపింది.

మూడో ఏప్రిల్‌లో, బీన్స్ గింజలు ఏరుతూ, ఓనరమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. కూతురు ఇంగ్లిష్‌లో చెబుతూ పోయింది. కిచుకిరో టెక్నికల్ స్కూల్లో బెల్జియం సైనికులు ఉన్నారని సుమారు రెండు వేల మంది అక్కడ తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న సైనికులు లారీలెక్కి వెళ్లిపోయారు. జనం బండ్లకు అడ్డంపడ్డా ఆగలేదు. హంతకులు గేటు బయటే ఉన్నారు. ముందురోజు ఒక సైనికుడు ఆవిడ ఆరేళ్ల కొడుక్కి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడట. లారీలు పోయేసరికి ప్యాకెట్‌లో ఇంకా సగం ఉంది. చంపినవాళ్ల గురించి ఆవిడ రెండు ముక్కలే చెప్పింది. లారీల గురించి గంటసేపు చెప్పింది.

మీకూ ఎవరైనా ఇలా చెబితే మధ్యలో ఆపకండి. "వాళ్లకు కాల్చే ఆర్డర్ లేదేమో" అని సైనికుల తరఫున మాట్లాడకండి. "దేవుడే మిమ్మల్ని కాపాడాడు" అనకండి, కొడుకును ఎందుకు కాపాడలేదన్న ప్రశ్న ఆవిడ మోస్తూనే ఉంది. "తలరాత" అని అసలే అనకండి. వాళ్ల నుదుట ఎవరూ రాయలేదు, 270 మంది చాలని న్యూయార్క్‌లో చేతులెత్తి రాశారు. "మ్విహంగానే" అనండి, ఓర్చుకోండి అని అర్థం. అది చాలు.

ఎవరినీ "మీరు తుత్సీనా, హుతూనా?" అని అడగొద్దు. గుర్తింపు కార్డులో ఆ మాట చూసే మనుషులను చంపారు. "రెండు తెగల గొడవ" అనీ అనొద్దు. తుత్సీలపై జరిగిన మారణహోమం అనాలి. దాన్ని కాదనడం ఇక్కడ నేరం. ఏప్రిల్ 7తో మొదలయ్యే ఆ వారం పాటలు, పెళ్లిళ్లు, పార్టీలు ఉండవు. మన ఉగాదో శ్రీరామనవమో ఒక్కోసారి ఆ రోజుల్లోనే పడుతుంది. పూజ ఇంట్లో చేసుకోండి, మైకు వద్దు.

సంస్మరణ సభల్లో ఎవరో ఒకరు ఉన్నట్టుండి కేకలు పెడుతూ పడిపోతారు. దాన్ని ఇహహాముకా అంటారు, ఊపిరి ఆడకుండా చేసే భయం. చుట్టూ మూగకండి. దగ్గరున్న వాలంటీర్లకు దారి ఇవ్వండి.

ఏప్రిల్ 11న ఆ స్కూలు నుంచి న్యాంజా కొండ దాకా సంస్మరణ నడక ఉంటుంది. ఆ రెండు వేల మందిలో చాలామందిని అక్కడికే నడిపించి చంపారు. పిలిస్తే తప్పకుండా వెళ్లండి. అది వానల నెల, గొడుగు, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. పక్కనున్న పెద్దావిడ ఎంత నెమ్మదిగా నడిస్తే మీరూ అంతే నెమ్మదిగా నడవండి. దారిలో ఎక్కడైనా లారీ స్టార్ట్ అయితే మా ఓనరమ్మ ఆగిపోతుంది. చేయి పట్టుకుని నేనూ ఆగుతాను. శబ్దం పూర్తిగా పోయాకే మళ్లీ నడుస్తాం.